నాన్న మళ్లీ బస్సెక్కుతున్నారు: 17 ఇంచుల అలాయ్‌ల గురించి ఒక ఉత్తరం

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆయన వయసు ముప్పై ఒకటి. మూడేళ్ల కింద స్విఫ్ట్ వీఎక్స్‌ఐ కొన్నారు. దానికి కంపెనీ ఇచ్చినవి 14 ఇంచుల స్టీల్ చక్రాలు, 165/80 ఆర్14 టైర్లు. పోయిన దసరాకు చీటీ ఎత్తిన డబ్బులోంచి 78 వేలు పెట్టి 17 ఇంచుల అలాయ్‌లు, 205/45 ఆర్17 టైర్లు వేయించారు. షాపు చిన్ననాటి స్నేహితుడిది. పాత చక్రాలు నాలుగూ టైర్లతో సహా ఎక్స్చేంజ్ కింద అక్కడే ఇచ్చేశారు. డిక్కీలో ఉన్న 14 ఇంచుల స్టెప్నీ ఒక్కటే మిగిలింది.

మొదటి వారం వాడకట్టులో అందరూ ఆగి చూశారు. తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. గ్రానైట్ లారీలు తిరిగి గుంతలు పడిన తమ ఊరి దారి ఏడు కిలోమీటర్లూ ప్రతి కంకర రాయి సీటులో తెలుస్తోంది. వేగం 85 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు గరగర శబ్దం, ఐదుగురు కూర్చుంటే వెనక ఫెండర్‌కు (చక్రం పైన ఉండే రేకు అంచుకు) టైరు తగులుతోంది. మైలేజీ 20 నుంచి 17.5కి పడింది. కారు కాస్త మెత్తబడుతుందని గాలి 27 పీఎస్‌ఐకి తగ్గించారు. నెల తిరక్కుండా ఒక గుంతలో ఎడమ ముందు రిమ్ము లోపలి అంచు వంగింది, ఆ టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ‘అయినా ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద లేన్ మారితే కారు గీత గీసినట్టు వెళ్తుంది, అది మాత్రం నిజం’ అని కూడా రాశారు.

అసలు బాధ వేరే. నాన్నగారు రిటైరైన టీచరు, వెన్నెముకలో డిస్కు సమస్య ఉంది. నెలకోసారి సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు చూపించుకోవడానికి తీసుకెళ్తారు. కొత్త చక్రాలతో రెండుసార్లు వచ్చారు. మూడోసారి ‘నీకెందుకురా సెలవు, నేను బస్సులో పోతాలే’ అన్నారు. అప్పట్నుంచి అదే మాట. చక్రాల గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. భార్య ‘మీ డబ్బు కదా అని ఆయన అనడం లేదు, మీకు తెలియదా’ అంటోంది. స్నేహితుడేమో ‘పెద్ద చక్రాలంటే అంతేరా, అలవాటవుతుంది’ అంటున్నాడు. వద్దంటే 35 వేలకు వెనక్కి తీసుకుంటాడట. తప్పు చక్రాలదా, షాపుదా, తనదా అని అడుగుతున్నారు. స్ప్రింగులకు రబ్బరు బఫర్లు వేయిస్తే సరిపోతుందా, లేక నష్టానికి అమ్ముకోవాలా అన్నది చివరి ప్రశ్న.

సమాధానం:

మిగతా అన్నిటికంటే ముందు ఆ ఉబ్బిన టైరు సంగతి. ఉత్తరం రాసేనాటికి కూడా మీరు దాని మీదే తిరుగుతున్నారు. దయచేసి ఈ రోజే ఆపేయండి. టైరు పక్కగోడలో లోపల దారాల పొర ఉంటుంది. గాలి ఒత్తిడిని పట్టి ఉంచేది అదే, రబ్బరు కాదు. గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య ఆ గోడ నలిగినప్పుడు దారాలు తెగాయి. తెగిన చోట రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోంది కాబట్టి ఉబ్బింది. దానికి ప్యాచ్ లేదు, వల్కనైజింగ్ లేదు. అది వంద మీద వెళ్తుండగా పగిలిందంటే, ముందు చక్రం కాబట్టి కారు ఒక పక్కకు లాగేస్తుంది.

స్టెప్నీ వాడండి, కానీ ముందుకు వేయవద్దు. వెనక ఎడమ అలాయ్‌ను ముందుకు మార్చి, స్టెప్నీని వెనక వేయండి. 165/80 ఆర్14 మొత్తం ఎత్తు 619.6 మి.మీ., 205/45 ఆర్17 ఎత్తు 616.3 మి.మీ. మూడు మిల్లీమీటర్ల తేడాయే గనక ఇబ్బంది లేదు. అయితే వెనక రెండు టైర్ల పట్టు ఒకేలా ఉండదు, అందుకని వేగం అరవై దాటకుండా షాపు దాకా వెళ్లడానికే. ఒక్కటి చూసుకోండి: అలాయ్‌లకు వేసిన నట్లు స్టీల్ చక్రం రంధ్రంలో సరిగ్గా కూర్చుంటాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూడండి. కొన్నిటికి కూర్చోవు. అది రాత్రిపూట హైవే పక్కన తెలియడం మంచిది కాదు. పాత నట్లు షాపులో ఉంటే అడిగి తెచ్చుకుని డిక్కీలో పెట్టండి.

ఇప్పుడు మీ బాధలు విడదీద్దాం. మీరు అన్నిటినీ ‘పెద్ద చక్రాల వల్ల’ అని ఒకే మూట కట్టారు, మీ స్నేహితుడూ అదే చేస్తున్నారు. నిజానికి అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. కుదుపు ఆ సైజుతోనే వచ్చింది, ఆ సైజు ఉన్నంతకాలం ఉంటుంది. వణుకు బిగింపులో లోపం, చాలా వరకు కొన్ని వందల రూపాయలతో పోతుంది. రిమ్ము వంగడం గాలి తగ్గించడం వల్ల జరిగింది.

ముందు కుదుపు. టైరు మీద 165/80 అని ఉంటే వెడల్పు 165 మి.మీ., గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మి.మీ. అని అర్థం. మీ కొత్త టైరు 205లో 45 శాతం, 92 మి.మీ. మొత్తం చక్రం ఎత్తు మారలేదు, లోహం పెరిగిన మేరకు రబ్బరూ గాలీ తగ్గాయి. రిమ్ము అంచు గోడ పక్కన సుమారు 17 మి.మీ. పైకి లేచి ఉంటుంది, అది తీసేస్తే నలగడానికి మిగిలేది పాతదానికి 115, కొత్తదానికి 75. కారుకు మొదటి స్ప్రింగు టైరే. కంకర రాయి, తారు రోడ్డు అతుకు, వంతెన మీద జాయింటు లాంటి చిన్న దెబ్బలు షాక్ అబ్జార్బర్ దాకా వెళ్లకముందే టైరు గోడలో అణగిపోవాలి. మీ కారులో ఇప్పుడవి అక్కడ అణగడం లేదు, నేరుగా సీటు పట్టాల దాకా వస్తున్నాయి. ప్రతి కంకర రాయి సీటులో తెలుస్తోందని మీరు రాసింది అందుకే.

రెండో కారణం బరువు. 14 ఇంచుల స్టీల్ చక్రం టైరుతో కలిపి సుమారు 14 కిలోలు తూగుతుంది. 17 ఇంచుల పోత అలాయ్ టైరుతో 19, 20 కిలోల దాకా ఉంటుంది. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ ఉంటే రెండూ తూచి చూడండి. ‘అలాయ్ అంటే తేలిక’ అన్నది ఒకే సైజులో ఒక మాదిరి నిజం. మూడు ఇంచులు పెరిగాక తేలిక కాదు. ఈ బరువు స్ప్రింగులకు కింద ఉండే బరువు. గుంతలో పడ్డ చక్రం పైకి లేచి మళ్లీ రోడ్డును అంటుకోవాలంటే షాక్ అబ్జార్బర్ దాన్ని అదుపు చేయాలి. మీ షాకులను కంపెనీ తయారుచేసింది 14, 15 ఇంచుల చక్రాల కోసం. చక్రానికి ఐదు కిలోలు పెరిగితే అది లేచాక ఆగడం ఆలస్యం. వెనక సీటులో కూర్చున్నవారికి ఇది దడదడగా తెలుస్తుంది, ఎందుకంటే వెనక ఇరుసు వాళ్ల కిందే ఉంటుంది.

ఆ దడదడలో ప్రతి కుదుపూ వెన్నెముకకు కింది నుంచి నిలువుగా తగులుతుంది. డిస్కు సమస్య ఉన్నవారు తట్టుకోలేనిది అదే. మీ నాన్నగారు మొహమాటపడటం లేదు, నొప్పిని తప్పించుకుంటున్నారు.

స్ప్రింగుల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు ఈ బాధకు మందు కావు. అవి స్ప్రింగు చుట్టల్లో కొన్నిటిని కదలకుండా చేస్తాయి, అంటే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. వెనక కారు కొంచెం లేస్తుంది కాబట్టి ఫెండర్‌కు టైరు తగలడం తగ్గినట్టు కనిపిస్తుంది. నాన్నగారి నడుముకు మాత్రం ఇప్పుడున్నదానికంటే కష్టం. ఎవరు ఎంత నచ్చజెప్పినా ఆ డబ్బు పెట్టకండి.

ఓఆర్ఆర్ మీద గీత గీసినట్టు వెళ్తుందన్నారు, అందులో మీ భ్రమ ఏమీ లేదు. పొట్టి గోడ పక్కకు తక్కువ వంగుతుంది కాబట్టి స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు తిరిగే క్షణానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. నున్నటి పొడి రోడ్డు మీద వెడల్పు టైరు పట్టు కూడా ఎక్కువే. కానీ మలుపు గతుకుల రోడ్డు మీద వస్తే బరువైన చక్రం ఎగిరి, రోడ్డును అంటుకుని ఉండే సమయం తగ్గుతుంది, పట్టూ తగ్గుతుంది. పాత టైరు జారేముందు కీచుమని చెప్పి, మెల్లగా జారేది. పొట్టి గోడ టైరు చివరిదాకా పట్టుకుని ఒక్కసారిగా వదులుతుంది. వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలిచినచోట వెడల్పు టైరు పాతదానికంటే తక్కువ వేగంలోనే తేలుతుంది. టైరు మీది గాడుల లోతు 3 మి.మీ. కంటే తగ్గాక ఇది బాగా తెలుస్తుంది. మీరు తిరిగే దారుల్లో ఓఆర్ఆర్ ఎంత, ఊరి దారి ఎంత అన్నది మీరే లెక్క వేసుకోవాలి.

ఇక వణుకు. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదంటే నాకు ముందుగా అనుమానం వచ్చేది చక్రం మధ్య రంధ్రం మీద. స్విఫ్ట్ హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బొడిపె 54.1 మి.మీ. ఉంటుంది. కంపెనీ చక్రం రంధ్రం అంతే ఉండి దాని మీద బిగుతుగా కూర్చుంటుంది. బయట దొరికే అలాయ్‌లు చాలా కార్లకు సరిపోవాలని రంధ్రం పెద్దగా చేస్తారు, 73.1 మి.మీ. మామూలు. అంటే చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. చక్రం హబ్ మీద కూర్చోవడం లేదు, నాలుగు నట్ల మీద వేలాడుతోంది. నట్లు వాలు అంచుతో ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా బిగిస్తే మధ్యకు తెస్తాయి. నట్లు బిగించే గాలి గన్నుతో మొదటి నట్టు టకటకా బిగించేస్తే చక్రం ఆ పక్కకు లాక్కుని అక్కడే ఉండిపోతుంది. బ్యాలెన్సింగ్ మెషీను చక్రాన్ని మధ్య రంధ్రం ఆధారంగా తిప్పుతుంది, అందుకని మెషీను మీద సున్నా చూపిస్తుంది. కారుకు ఎక్కాక మధ్య మారిపోతుంది. మీరు ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా ఫలితం ఉండనిది ఇందుకే.

ఒక చక్రం విప్పి చూడండి. రంధ్రానికీ హబ్‌కూ మధ్య వేలు దూరితే మీకు కావలసినవి హబ్ రింగులు. బయటి కొలత మీ అలాయ్ రంధ్రం ఎంత ఉంటే అంత, లోపలి కొలత 54.1. నాలుగు తీసుకోండి. పెట్టేముందు హబ్ మీద తుప్పును ఇనుప బ్రష్‌తో గీకి శుభ్రం చేయాలి. చక్రం గాలిలో ఉండగానే నట్లు చేత్తో వేసి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, దింపాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) మాన్యువల్‌లో రాసినంత బిగించాలి. గన్ను వాడనివ్వకండి. నట్టు మర 12×1.25 అవునో కాదో కూడా అడగండి. చూడ్డానికి ఒకేలా ఉండే 12×1.5 నట్లు వేరే కంపెనీ కార్లకు వస్తాయి. అవి రెండు చుట్లు తిరిగి, తర్వాత గన్ను బలంతో ఎక్కి బోల్టు మరను తినేస్తాయి.

ఇంత చేశాకా వణుకు ఉంటే అది స్టీరింగ్‌లో తెలుస్తోందా, సీటులో తెలుస్తోందా గమనించండి. స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలు, సీటులో అయితే వెనకవి. ఆ వణుకులో వంగిన రిమ్ము వాటా ఉందో లేదో ఇలా చూడవచ్చు: జాకీ మీద లేపి, నేల మీద ఒక ఇటుక పెట్టి, దాని మీద స్క్రూడ్రైవర్‌ను రిమ్ము లోపలి అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. ఆ సందు ఒక మిల్లీమీటరు కంటే ఎక్కువ తేడాతో పెరిగి తగ్గుతుంటే రిమ్మును సరిచేయించకుండా కారు మీద వాడకూడదు.

వంగిన రిమ్మును సరిచేసే షాపులు ఉన్నాయి. వంపు లోపలి అంచులోనే ఉండి, రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా, చీలిక లేకుండా ఉంటే సరిచేయించి వెనక చక్రంగా వాడుకోవచ్చు. వంగిన చోట సబ్బు నీళ్లు రాసి గాలి నింపి చూడండి, వెంట్రుకంత బీటలోంచి కూడా బుడగ వస్తుంది. బీట ఉంటే వెల్డింగ్ చేస్తామంటారు, ఒప్పుకోకండి. పోత అల్యూమినియానికి వెల్డింగ్ వేడి తగిలిన చుట్టుపక్కల బలం పోతుంది, మళ్లీ పగిలేది అతుకు పక్కనే. ఆ గుంత దెబ్బ తగిలింది కాబట్టి చక్రాన్ని కారుకు కలిపే లోయరాం (కింది ఆర్మ్) బుష్, బాల్ జాయింట్ కూడా ఒకసారి చూపించి, తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలి.

గాలి విషయంలో మీరు చేసింది చాలామంది చేసేదే, అందుకే వివరంగా చెప్తున్నాను. గట్టిగా ఉందని గాలి తగ్గిస్తే 132 మి.మీ. గోడ ఉన్న టైరు మెత్తబడుతుంది. కానీ ఏ టైరులోనైనా బరువు మోసేది దాదాపు గాలి ఒత్తిడే, పైగా 92 మి.మీ. గోడకు నలగడానికి చోటు తక్కువ. అది తగ్గితే గోడ పూర్తిగా నలిగి రిమ్ము రాయికి కొట్టుకుంటుంది. టైరు మీద సైజు పక్కన ఉన్న అంకె చూడండి. మీ పాత టైరు మీద 85 ఉంటుంది, అంటే 515 కిలోలు మోయగలదు. 205/45 ఆర్17 రెండు రకాలుగా వస్తుంది: 84 అయితే 500 కిలోలు, పక్కన ఎక్స్‌ఎల్ అని 88 అయితే 560 కిలోలు. ఎక్స్‌ఎల్ టైరు ఆ బరువు మోసేది ఎక్కువ గాలితోనే. రెండిట్లో ఏదైనా, డోర్ పిల్లర్ మీద స్టిక్కర్‌లో ఉన్న అంకెకు రెండు మూడు పీఎస్‌ఐ కలిపి ఉంచాలి. చల్లటి టైరుకు, పొద్దున కారు తీయకముందు, నెలకు రెండుసార్లు చూడాలి. మీరు 27 పెట్టిన రోజే ఆ రిమ్ము వంగడం ఖాయమైంది. దాంట్లో షాపు తప్పు లేదు.

గరగర శబ్దానికి కారణం వెడల్పు, ఆఫ్‌సెట్ రెండూ. ఆఫ్‌సెట్ అంటే చక్రం వెడల్పుకు నడిమధ్య నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. మీరు ఉత్తరంతో పంపిన ఫొటోలో అలాయ్ వెనక 7జె (వెడల్పు 7 ఇంచులు), ఈటీ 30 (ఆఫ్‌సెట్ 30 మి.మీ.) అని ఉంది. పాత చక్రం 40 అనుకుని లెక్క కడితే టైరు బయటి గోడ మూడు సెంటీమీటర్లు బయటికి, లోపలి గోడ ఒక సెంటీమీటరు లోపలికి జరిగాయి. అందుకే ముందు లైనర్‌కు (చక్రం గూడు లోపలి ప్లాస్టిక్ పొరకు) రాస్తోంది, వెనక బరువు పడితే ఫెండర్ అంచుకు తగులుతోంది. చక్రం మధ్య భాగం బయటికి జరిగినందుకు వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గతుకు తగిలినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు ఉంటుంది, లారీల గాడిలో కారు తనంతట తను పక్కకు పోతుంది. ఫెండర్ అంచు లోపలికి వంచేస్తాం అంటారు. తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది, సమస్య మాత్రం ఆఫ్‌సెట్‌లోనే ఉండిపోతుంది.

మైలేజీ పడిపోవడానికి చక్రం మొత్తం ఎత్తు కారణం కాదు, రెండు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా అర శాతమే. అసలు కారణాలు వెడల్పు టైరు దొర్లే నిరోధం, అంచు దగ్గర పెరిగిన బరువును ప్రతిసారీ తిప్పి లేపాల్సి రావడం, వాటికి తోడు 27 పీఎస్‌ఐ గాలి. గాలి సరిచేస్తే పోయిన రెండున్నరలో కొంత తిరిగి వస్తుంది, అంతా రాదు.

మీ ముందున్న దారులు చెప్తాను. ఏది ఎంచుకున్నా దానికో వెల ఉంది.

ఈ 17 ఇంచులే ఉంచుకుంటే, ఒక కొత్త టైరు, రిమ్ము రిపేరు లేదా కొత్త రిమ్ము, రింగులు, అలైన్‌మెంట్ ఖర్చు పడుతుంది. వణుకు పోతుంది, మైలేజీ కొంత వస్తుంది. గరగర పూర్తిగా పోదు. కుదుపు పోదు. నాన్నగారు బస్సులోనే వెళ్తారు. పైగా ఈ సైజు టైరు ధర మీ పాత టైరుకు రెట్టింపు దగ్గరగా ఉంటుంది, ఆ ఊరి దారిలో మళ్లీ రిమ్ము వంగదన్న హామీ లేదు.

16 ఇంచులకు దిగితే 195/55 ఆర్16 తీసుకోవాలి. గోడ 107 మి.మీ., మొత్తం ఎత్తు 620.9. షాపుల్లో 195/50 ఆర్16 అంటగడతారు, అది 601 మి.మీ. మాత్రమే. కారు తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటరు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. రూపం చాలావరకు ఉంటుంది, కుదుపు కొంత తగ్గుతుంది. కానీ మళ్లీ బయటి అలాయ్‌లు, మళ్లీ ఆఫ్‌సెట్, రింగుల వెతుకులాట.

15 ఇంచులు నా మొగ్గు. 185/65 ఆర్15 మీ కారులోనే పై రకమైన జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీయే ఇచ్చిన సైజు. గోడ 120 మి.మీ., మొత్తం ఎత్తు 621.5, లోడు అంకె 88. కంపెనీ అలాయ్‌లే దొరికితే మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, నట్లు అన్నీ సరిపోతాయి, రింగులతో పనిలేదు, ఫెండర్‌కు తగలదు. పాత 14 కంటే స్టీరింగ్ కొంచెం చురుగ్గా ఉంటుంది, ఆ ఆనందం మీకు పూర్తిగా పోదు. జెడ్‌ఎక్స్‌ఐ కొని పెద్ద చక్రాలకు మారేవారు ఇవే విప్పి ఇచ్చేస్తుంటారు, మీ స్నేహితుడి లాంటి షాపుల్లోనే దొరుకుతాయి. పాతవి కొనేటప్పుడు ప్రతి రిమ్మునూ బ్యాలెన్సింగ్ మెషీను మీద తిప్పించి లోపలి అంచు చూడండి. టైరు గోడ మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3224 అంటే 2024లో 32వ వారం తయారైంది. ఐదేళ్లు దాటినవి గాడులు ఎంత లోతున్నా వద్దు.

14 ఇంచుల స్టీల్‌కే వెళ్లిపోతే ఖర్చు అన్నిటికంటే తక్కువ, మెత్తదనం అన్నిటికంటే ఎక్కువ. గుంతకు వంగినా స్టీల్ రిమ్మును సరిచేసుకోవచ్చు, స్టెప్నీతో జత కలుస్తుంది. చూపు మాత్రం పాతదే. మీ పాత నాలుగు చక్రాలు షాపులో ఇంకా అమ్ముడుపోకుండా ఉంటే ముందు అదే అడగండి.

స్నేహితుడి దగ్గరికి గొడవకు వెళ్లకండి, లెక్కతో వెళ్లండి. కుదుపు ఆయన అమ్మిన వస్తువులో లోపం కాదు, దాని గురించి అడగడానికి ఏమీ లేదు. రింగులు వేయకుండా బిగించడం, టైరు ఫెండర్‌కు తగిలే ఆఫ్‌సెట్ ఇవ్వడం మాత్రం బిగించినవాళ్ల బాధ్యత. చక్రం విప్పి ఆ సందు ఆయనకే చూపించండి. రింగులు ఉచితంగా వేయమనండి, లేదా 15 ఇంచుల సెట్టుతో మార్పిడికి 35 వేలు కాకుండా ఇంకొంచెం మంచి లెక్క కట్టమనండి. ఒప్పుకోకపోతే మీరే అమ్ముకోండి. నాలుగు బోల్టుల 100 మి.మీ. కొలత బాలెనో, ఐ20, టియాగోలకూ ఉంది కాబట్టి కొనేవారు దొరుకుతారు. వంగిన రిమ్ము గురించి, ఉబ్బిన టైరు గురించి మాత్రం కొనేవారికి ముందే చెప్పాలి. ఆ టైరును ఎవరికీ ఇవ్వకుండా కోసి పారేయించండి.

ఇన్సూరెన్సు సంగతి కూడా మర్చిపోకండి. బయట వేయించిన అలాయ్‌లను పాలసీలో యాక్సెసరీగా ఎక్కించకపోతే ప్రమాదంలో వాటి ధర రాబట్టుకోవడం కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఫెండర్ బయటికి తోసుకొచ్చిన టైరు చూస్తే ఆపి అడగవచ్చు. కంపెనీ సైజైన 15 ఇంచులకు ఈ బాధలేవీ లేవు.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. మీకు తెలిసినవారిలో 15 ఇంచులతో స్విఫ్ట్ జెడ్‌ఎక్స్‌ఐ ఎవరికైనా ఉంటే ఒక పూట అడగండి. టైర్లలో గాలి స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో చూసుకుని, నాన్నగారిని మీ ఊరి దారిలో ఆ ఏడు కిలోమీటర్లూ తీసుకెళ్లండి. వెనక కాదు, ముందు సీట్లో కూర్చోబెట్టండి. రెండు ఇరుసుల మధ్య ఉండే సీటు కాబట్టి దెబ్బ తక్కువ తగులుతుంది. వీపు కొంచెం వెనక్కి వాల్చి, నడుము వంపులో చుట్టిన తువ్వాలు పెట్టండి. చక్రాల మాట ఎత్తవద్దు. ఇల్లు చేరాక ఆయన కారులోంచి ఎలా దిగుతున్నారో చూడండి. చెయ్యి డోరు మీద మోపి ఆగి ఆగి దిగుతున్నారా, మామూలుగా దిగుతున్నారా అన్నదాన్నిబట్టి 15 చాలా, 14కి దిగాలా అన్నది తేలిపోతుంది. ఆ తర్వాత ‘వచ్చే నెల హైదరాబాద్‌కు నేనే తీసుకెళ్తాను నాన్నా, చక్రాలు మార్పిస్తున్నాను’ అని మీరే ముందు చెప్పండి. ఆయన అడగరని మీకూ తెలుసు.

ఏ సెట్టు వేయించినా యాభై, వంద కిలోమీటర్ల మధ్య తిరిగాక నట్లన్నీ మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూపించాలి. మీ దారిలో అయితే సూర్యాపేట దాటకముందే ఆగి చూపించుకోండి.